జరగలేదని తీసేసిన పన్నెండు సంపుటాలు

శ్రీయుత గ్రంథాలయాల అధికారి గారి సముఖమునకు,

తమ గ్రంథాలయం వెనక వీధిలో మెట్ల కింద దుకాణం గల పుస్తకాల బైండర్, వయస్సు యాభై ఎనిమిది, శుక్రవారం నాడు వ్రాసుకున్న అర్జీ.

విషయం: ‘తూనీగ’ బొమ్మల కథల సంపుటాలు ఒకటి నుండి పన్నెండు వరకు కాలం చెల్లినవిగా తొలగించుటపై అభ్యంతరము, సదరు సంపుటాలను కాగితం గుజ్జు చేసే మిల్లుకు పంపుట నిలిపివేసి సోమవారంలోగా చదువు గదికి తిరిగి చేర్చుట గురించి.

అయ్యా,

తమరికి తీరిక తక్కువని ఎరుగుదును. తొలగింపు పత్రం మీద తమరి సంతకం చూడగానే ఆ సంగతి తెలిసిపోయింది. చదివి పెట్టిన సంతకం అంత హుషారుగా ఉండదు. అందుచేత తమరి కాలం వృథా చేయకుండా అంశాలవారీగా మనవి చేయునది ఏమనగా:

1. అర్జీదారు తూనీగ అభిమాని కాడు. ఈ మాట ముందుగా రికార్డు చేయవలెను. రేకు రెక్కలు తగిలించుకుని మేడల మీది నుండి దూకే ఆ ఆడమనిషి పన్నెండేళ్ళ సంచికలను ఏడాదికొక సంపుటంగా కుట్టి, అట్ట వేసి, వీపున గుడ్డ అంటించినవాడిని నేనే. పేజీల వరుస తప్పకుండా ఉండేందుకు కుట్టేటప్పుడు ప్రతి పేజీ పైకి చదవడం నా పని పద్ధతి. ఆ పాపానికి నూట నలభై నాలుగు సంచికలూ చదివాను. తూనీగకు బుద్ధి తక్కువ, ఆమె శత్రువులకు ఇంకా తక్కువ, కొని చదివేవారి సంగతి దిగువన మూడో అంశంలో వస్తుంది.

2. వివాదానికి మూలం. రెండు ప్రచురణ సంస్థలు ఎవరి వీరులతో వారు బతకలేక, ఇద్దరి వీరులనూ ఒకే కథలోకి తోలి కొట్టించుకున్నవి. దీనిని క్రాస్‌ఓవర్ అంటారట. ‘ఉమ్మడి సమరం’ అని ఏడు సంచికలు. అయిదో సంచికలో అవతలి సంస్థ వీరుడు గాలిమర అనేవాడు మన తూనీగ మెడ విరిచాడు. రెండు పేజీల నిండా అదే బొమ్మ. ఎముక విరిగిన చప్పుడుకు అరచేతి మందాన అక్షరాలు. అభిమానులు గగ్గోలు పెట్టారు. దానికి జడిసి ఏడో సంచికలో ఎవరి చేతనో కాలచక్రాన్ని వెనక్కి తిప్పించి టైమ్‌లైన్, అనగా జరిగినవాటి వరుస, మార్చేశారు. మారిన దాని ప్రకారం తూనీగ చావలేదు. ఎందుకు చావలేదంటే అసలు పుట్టలేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవారిని గురించి విన్నాను గానీ, ఆ బూడిదను కూడా రంగుల్లో అచ్చువేసి అమ్మేవారిని ఇప్పుడే చూస్తున్నాను.

3. అభిమానులు. వీరు ప్రతి ఆదివారం తమరి చదువు గదిలో సంఘంగా కూడుతారు. అందరూ పెద్దవాళ్ళే, ఉద్యోగాలూ వ్యాపారాలూ ఉన్నవారే. ప్రస్తుతం మూడు ముక్కలై ఉన్నారు.

ఒకటి ఏడుపు వర్గం. దీనికి పెద్ద, కూడలిలో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ గారు. ఆవిడ తూనీగ పోయినందుకు నల్ల రిబ్బన్లు కత్తిరించి అందరి జేబులకూ గుచ్చింది. మెడ విరిచిన రెండు పేజీల మీద తెల్ల కాగితం అంటించాలని ఆవిడ డిమాండు. సంతాప సభకు కిటికీ పక్క బల్ల కావాలని, అక్కడ కూర్చున్న ఒక జబ్బు మనిషిని లేచి వెళ్ళమన్నది కూడా ఆవిడే. ఆ జబ్బు మనిషి మా అన్న.

రెండోది మెచ్చుకునే వర్గం. దీనికి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. మెడ ఎముకల్లో ఏ ఎముక ఏ కోణంలో విరుగుతుందో అచ్చు అలాగే గీశారని, ఇంత నిజాయితీ ఈమధ్య చూడలేదని ఆయన భూతద్దం పట్టుకుని అందరికీ చూపించాడు. ఆయన దగ్గర పన్ను పీకించుకునేవారు జాగ్రత్త పడవలెనని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

మూడోది జరగలేదు వర్గం. వీరిని గురించి నాలుగో అంశం.

కిందటి ఆదివారం హింస కూడదని ఒక వర్గం, ఏది హింస అని ఇంకో వర్గం మాటా మాటా అనుకుని, చొక్కాలు పట్టుకుని, తమరి గ్రంథాలయపు కుర్చీతో ఒకరినొకరు కొట్టుకున్నారు. ఇదే జనం పన్నెండేళ్ళు ఏం చేశారో చెబుతాను. నేను కుడుతూ లెక్కపెట్టిన మేరకు ఆ సంపుటాల్లో కూలిన మేడలు అరవై మూడు. కూలేటప్పుడు ప్రతి మేడ కిటికీలోనూ మనుషులున్నారు. వేలెడంత బొమ్మలు, ఒక్కరికీ పేరు లేదు. వారికోసం ఒక్క రిబ్బన్ కత్తిరించిన పాపాన ఎవరూ పోలేదు. ఏడవడానికి వీళ్ళకు చచ్చినవారి ఒంటి మీద రంగు బట్టలుండాలి.

4. తొలగింపు. జరగలేదు వర్గానికి పెద్ద, సంఘం కార్యదర్శి, బస్సు డిపోలో గుమాస్తా. అందరూ ఆయన్ని టైమ్‌టేబుల్ అంటారు. కొత్త వేళల పట్టిక రాగానే ఊళ్ళోని బోర్డులన్నింటి మీదా పాతది చింపి, ముక్కలు చేసి, చేసినట్టు సంతకం పెట్టడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం. తమరి నిబంధనల్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది: చట్టాల పుస్తకాలకు, వేళల పుస్తకాలకు కొత్త కూర్పు వస్తే పాత కూర్పును తొలగించవలెనని. ఆయన అందుకు వాడే తొలగింపు పత్రం తీసుకుని, పాత కూర్పు అన్నచోట ‘తూనీగ, పన్నెండు సంపుటాలు’ అని, కొత్త కూర్పు అన్నచోట ‘ఉమ్మడి సమరం, ఏడో సంచిక’ అని, కారణం అన్నచోట ‘పాత సంఘటనలు ప్రస్తుతం అమలులో లేవు’ అని నింపాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు తమరు సంతకం పెట్టారు.

నేను డిపోకు వెళ్ళి నిలదీశాను. ఆయన కోపగించుకోలేదు. తాపీగా నాకు నచ్చజెప్పాడు.

“పాత పట్టిక గోడ మీద ఉంటే జనం రాని బస్సు కోసం ఎండలో నిలబడతారండీ. పుట్టని మనిషి కథలు అలమారాలో ఉంచడం కూడా అంతే కదా.”

అయ్యా, ఈ మనిషికి పిచ్చి లేదు. పని శ్రద్ధగా చేసే మనిషి. అదే నా భయం.

5. ఇక నా సొంత సంగతి. మా అన్న వేలంపాటల్లో పాట పిలిచే మనిషి. ఆయన గొంతు లేవగానే పాత కుర్చీ కూడా సింహాసనం అయ్యేది. పద్నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. మిగిలినది ఒకే ఒక్క మాట: “రెండోసారి.” ఆకలైనా రెండోసారి, కోపమొచ్చినా రెండోసారి. అక్షరాలు పోల్చుకోలేడు. తల ఊపుతాడు కదా అంటారేమో, నువ్వు గాడిదవా అన్నా ఊపుతాడు, కాదా అన్నా ఊపుతాడు. ఆసుపత్రివాళ్ళు గ్లాసు, మంచం, దువ్వెన బొమ్మలున్న కార్డులు ఇచ్చి వేలుపెట్టి చూపించమన్నారు. ఆయన వాటిని ఎడమ చేత్తో కిటికీలోంచి పారేశాడు. నలభై ఏళ్ళు జనాన్ని మాటలతో ఆడించినవాడి చేతికి చంటిపిల్లల బొమ్మలిస్తే నేనైనా పారేసేవాడిని.

తమరి సంపుటాలు కుట్టిన ఆరు వారాలూ అన్న నా దుకాణంలో బల్ల పక్కనే కూర్చునేవాడు. నేను పైకి చదువుతుంటే బొమ్మ చూస్తూ వినేవాడు. నాలుగో వారంలో ఒక రోజు నేను ఆరబెట్టిన సంచిక లాక్కుని, పేజీలు తిప్పి, ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. అందులో తూనీగ నోటి పక్కన గుండ్రటి గీతలో ఇలా ఉంది: “ఈ నగరం దాహంతో చచ్చిపోతోంది!” నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆనాటి నుండి ఆయన మాట్లాడేది తూనీగ నోటితోనే. ఏ మాట ఏ సంపుటంలో ఏ బొమ్మ దగ్గరుందో ఆయనకు కంఠతా వచ్చు. స్నానం చేయించమనడానికి “ఈ రక్తపు మరకలు నన్ను వదలవా?” అని చూపిస్తాడు. మా వదిన వంట బాగాలేకపోతే “వెనక్కి తగ్గండి, అది విషం!” ఉంటుంది. నేను ఎక్కువ మాట్లాడితే మూడో సంపుటంలో ఒక రాక్షసుడిని చూపిస్తాడు. ఆ రాక్షసుడు చెప్పేది ఇక్కడ వ్రాయదగినది కాదు.

కుట్టు పూర్తయ్యాక సంపుటాలు తమకు అప్పగించాను. అవి ఇంటికి ఇచ్చేవి కావు, గదిలోనే చదవాలన్నారు. సరే అన్నాం. రోజూ సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు ఆయన్ని చదువు గదికి నడిపించి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెడతాను. వదిన పని నుంచి అటే వస్తుంది. పెళ్ళై ముప్ఫై ఏళ్ళైన వాళ్ళిద్దరూ రోజుకు రెండు గంటలు మాట్లాడుకునేది ఆ బల్ల దగ్గరే.

6. నిన్న, అనగా గురువారం. అన్న తలలో ఒక రక్తనాళం ఉబ్బి ఉందని ఆసుపత్రిలో తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రమాదం తప్పవచ్చు, బల్ల మీదే పోవచ్చు కూడా. చేయకపోతే ఎప్పుడైనా పగలవచ్చు. డాక్టరు మంగళవారం రమ్మన్నాడు. సాయంత్రం చదువు గదిలో వదిన అన్నకు ఎదురుగా కూర్చుని అడిగింది.

“ఏమండీ, చేయించుకుంటారా, వద్దా? తల మీది, ప్రాణం మీది. మీరు చెప్పకుండా నేను సంతకం పెట్టను.”

ఆయన పదో సంపుటం దగ్గరకు లాక్కుని వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కో పేజీ ఎడమ చేత్తో. సగానికి వచ్చాడు. అప్పుడు తమరి సిబ్బంది తోపుడు బండితో వచ్చి, తొలగింపు ఉత్తర్వు చూపించి, ఆయన చేతిలోంచి ఆ సంపుటం తీసుకుని బండిలో వేశారు. ఆయన “రెండోసారి, రెండోసారి” అంటూనే ఉన్నాడు. బండి తోసే ఆయన అది విని, నేను తీసుకోవడం ఇదే మొదటిసారి కదండీ అన్నాడు.

వదిన తమ కార్యాలయానికి పరుగెత్తింది. తమరు లేరు. రోగి తన సమాధానాన్ని రాతపూర్వకంగా సమర్పించుకోవచ్చునని తమరి సహాయకుడు సెలవిచ్చాడు.

7. తమరు చూపించబోయే దారులు ముందే చూసుకున్నాను. కొత్త ముద్రణ తెప్పిస్తామంటారు. చూశాను. టైమ్‌లైన్ మార్చాక వేసిన దానిలో తూనీగ ఉండవలసిన ప్రతి చోటా పొగ గీశారు, ఆమె మాటలు పక్కవాళ్ళకు పంచారు. అన్న ఆ పొగ వంక చూసి పుస్తకం మూశాడు. పాత సంచికలు అభిమానుల దగ్గర దొరుకుతాయంటారు. వాళ్ళు వాటిని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అంచులు అతికించి, తాము కూడా తెరిచి చూడరు. తెరిస్తే విలువ పోతుందట. చదవకుండా దాచుకుని, జరగలేదని కొట్టేయించి, పోయిందని ఏడ్చే ఈ మూర్ఖులు పదిహేడుమంది సంఘం హాజరు పట్టీలో ఉన్నారు. పట్టీ ప్రతి జతపరిచాను.

8. కావున ప్రార్థన. సంపుటాలు ఇప్పుడు తమరి నేలమాళిగలో ఉన్నవి. మిల్లు లారీ సోమవారం సాయంత్రం వస్తుంది. ఆ లోగా ఉత్తర్వు రద్దు చేసి, కనీసం పదో సంపుటమైనా మా అన్న చేతికి ఇప్పించవలెను. తూనీగ పుట్టిందో లేదో తేల్చుకునే పని ప్రచురణ సంస్థలకు వదిలేయండి. మా అన్న పుట్టాడు. జనన ధ్రువపత్రం జతపరచడమైనది.

ఈసారికి పెన్ను పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుండి చివరి దాకా చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

ఇంకా తమ విధేయుడిగానే ఉన్న
బైండర్

తా.క. (శనివారం ఉదయం):

అర్జీ కవరు అంటించబోతుండగా దర్జీ గారు మా దుకాణం మెట్లు దిగి వచ్చింది. నేను పలకరించలేదు. గురువారం ఆవిడ పక్క బల్ల దగ్గర రిబ్బన్లు లెక్క చూసుకుంటూ వదిన అడిగినది విన్నదట.

“ఆయన ఏ పేజీ కోసం వెతుకుతున్నారో నాకు తెలుసనుకుంటానండీ,” అంది. “పదో సంపుటం సగం దాటాక వచ్చేది సొరంగం కథే. నా దగ్గర ఆ ఒక్క సంచిక ఉంది.”

నా బల్ల మీది కత్తెరే తీసుకుని ప్లాస్టిక్ సంచి అంచు కత్తిరించింది. కొన్న నాటి నుండి తెరవనిదట, ఆ కథ చదివింది తమరి సంపుటంలోనేనట. నేను అన్ననీ వదిననీ పిలుచుకొచ్చాను. పేజీ ఏదో ఆవిడ చెప్పలేదు. సంచిక అన్న ముందు పెట్టి, అవతల నిలబడి గోడ వంక చూసింది.

అన్న తనే తిప్పాడు. కూలుతున్న సొరంగం నోటి దగ్గర తూనీగ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆ మాట మీద వేలు పెట్టాడు. వదిన కోసం నేను పైకి చదివాను.

“నేను దిగుతాను. తాడు నువ్వు పట్టుకో.”

తర్వాత ఆ వేలు తీసి వదిన వైపు చూపించాడు. వదిన ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వ్రాయకపోతే దాచినట్టవుతుంది.

ఏడో అంశంలో మూర్ఖులు పదిహేడుమంది అని ఉన్నచోట పదహారని దిద్దుకోవలెను.

సమాధానం దొరికింది కాబట్టి అర్జీ అవసరం తీరిందని తమరు ఫైలు మూయవద్దు. ఆపరేషన్ మంగళవారం. ఈలోగా ఆయన వదినతో చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. పొద్దుటి నుండి ఆ సంచికే ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. మా దగ్గర ఉన్నది ఇరవై నాలుగు పేజీలే.