మేకల వారి ఇంటిపేరు

ఆదివారం, శాలిబండ

దుబాయ్‌లో చెల్లెలి దగ్గర నాలుగు రోజులుండి ఇవాళ ఇల్లు చేరాను. పాస్‌పోర్టులో ఒట్టి ‘సుగుణ’ అని ఉంటే రెండుసార్లు పోనిచ్చారు. మూడోసారి ఇంటిపేరు లేదని ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఆపేశారు. తప్పు నాదే. బళ్లో ‘మే మే’ అని ఏడిపించేవాళ్లని, అప్పట్లో పాస్‌పోర్టు ఫారంలో ‘మేకల’ రాయలేదు.

ఈసారి రాయించుకుని వెళ్తే, ఇక్కడి ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో కూర్చున్నాయన నా పేరు చూడకుండానే ముద్ర కొట్టబోయాడు.

“ఇంటిపేరు చూడున్రి సార్. అది లేదనే మొన్న ఎనకకు తోలిన్రు” అన్నాను.

“రూల్ ఎప్పటిదో అమ్మా. చూసేటోళ్లు చూస్తరు, చూడనోళ్లు చూడరు” అంటూనే “మేకల సుగుణ” అని పైకి చదివాడు. లైనంతా విన్నది. ఒక్కరూ నవ్వలేదు.

వచ్చే నెల వెళ్తే ఇంకేం అడుగుతారో. అడగనీ. మేకలకు కంచె అడ్డమా?