అడాప్టర్ చెప్పిన అడ్రసు

పాంగాయ్, మార్చి

ప్రియమైన లూటే,

దేవుడి దయవల్ల క్షేమంగా చేరాను. మేనత్త లేచి కూర్చోలేకపోతోంది. నాన్న తోబుట్టువు రమ్మంటే రానని అనగలమా, నువ్వే చెప్పు. లోగన్‌లో ఇల్లు ఖాళీ చేసి, సముద్రం దాటి మన టోంగాకి వచ్చేశాను.

నీకొక్కదానికే ఒక సంగతి చెప్పాలి. ఫోన్‌కి తగిలించే అడాప్టర్ కూడా నాతో తెచ్చుకున్నాను. ఫోన్ కంపెనీ అమ్మాయి చెప్పింది, "నంబరు మీ ఇంటిది కాదమ్మా, ఆ డబ్బాది" అని. మన మాటల్ని చిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్ మీద కంపెనీకి పంపేది అదేనట. ఏ ఊళ్ళో తగిలించినా అక్కడినుంచి "నేనిక్కడున్నాను" అని కంపెనీకి చెప్పుకుంటుందట. ఎవరైనా మన నంబరు నొక్కితే కంపెనీ దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. పక్కింటివాళ్ళ ఇంటర్నెట్ తీగ అత్త మంచం దాకా లాగి తగిలించాను. ఆదివారం ఆరాధన అయ్యాక మోగింది. జైలు నుంచి మా తమ్ముడు ఫిలిమోనె.

వాడు ఫోన్ చెయ్యడానికి జైలువాళ్ళు ఒప్పుకున్న నంబరు అదొక్కటే. పెరోల్ కాగితంలో, బయటికొస్తే ఉండే చోటని వాడు రాసిందీ నా లోగన్ ఇల్లే. నేను అక్కడ లేనంటే వాణ్ణి వదలరు. వాడికి చెబుదామంటే ప్రతి మాటా రికార్డవుతుంది, ఉత్తరాలు విప్పి చదువుతారు. "ఇల్లెలా ఉందక్కా?" అన్నాడు. "బాగుందిరా" అన్నాను. అత్త ఇల్లు బాగానే ఉందిగా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. అది సర్దుకోలేదు.

ఇవన్నీ ఫోన్లో చెప్పలేను, అత్త వింటుంది. ఈ ఉత్తరం మన పాస్టరుగారి చెల్లెలి చేత పంపుతున్నాను.

నీ
సెలువైయా

*

లోగన్, ఏప్రిల్

ప్రియమైన సెలువైయా,

ఏమే భక్తురాలా, ఆదివారం బడిలో పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పేదానివి, నువ్వు చేసే పని ఇదా? మా ఆయన వింటే నవ్వి నవ్వి చచ్చేవాడు. ఆయనకి చెప్పలేదులే.

తల్లీ, నీ ఇంట్లో అప్పుడే కొత్త కుటుంబం దిగింది. గుమ్మంలో పిల్లల సైకిళ్ళు చూశాను. పెరోల్ ఆఫీసరు ఫోన్‌తో ఆగడు, తలుపు కూడా కొడతాడు. అప్పుడు నీ డబ్బా వచ్చి తలుపు తీస్తుందా? వాళ్ళు అడగకముందే నిజం చెప్పెయ్. కావాలంటే నా అడ్రసు ఇవ్వు. మా వెనక గదిలో కుట్టుమిషను తప్ప ఏముంది?

మాంసం డబ్బాలు పంపుతున్నాను. అత్తకి చేమాకుల్లో చుట్టి వండి పెట్టు.

నీ మేలు కోరే
లూటే

*

పాంగాయ్, జూన్

ప్రియమైన లూటే,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అంతకుముందే ఆఫీసరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. "అమ్మా, మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారా?" అని అడిగాడు. ఆయన నొక్కింది లోగన్ నంబరు, పలికింది నేను. అనుమానపడే పనేముంది? "ఔనండీ" అన్నాను. ఒక్క మాట. అత్త నా వంక చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారం చర్చిలో రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేకపోయాను.

నిన్న ఫిలిమోనె చేశాడు. పెరోల్ ఇవ్వలేదట, శిక్ష పూర్తయ్యేదాకా లోపలేనట. "నా పొరపాటేలే అక్కా, కాగితం తప్పు రాశాను" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. తాగి కారు నడిపి ఒక మనిషి కాలు పోగొట్టినందుకు వాడు లోపలికి వెళ్ళాడు. కానీ ఇప్పుడు వాణ్ణి లోపల ఉంచింది నేనేమో అనిపిస్తోంది. నువ్వు వెళ్ళి చూసి రా. నేనెక్కడున్నానో చెప్పు. ఎంత కోపమొచ్చినా పడతాను.

నీ
సెలువైయా

*

లోగన్, జులై

ప్రియమైన సెలువైయా,

వెళ్ళొచ్చాను. కూర్చుని చదువు.

నేను నోరు తెరవకముందే వాడు, "అత్త అన్నం తింటోందా?" అన్నాడు. ఆఫీసరు నీ ఇంటికి వెళ్ళాడట. కొత్తవాళ్ళు తలుపు తీసి, ఆవిడ టోంగా వెళ్ళిపోయిందని చెప్పారట. ఆయన వచ్చి వీణ్ణి నిలదీస్తే, "ఫోన్లో మా అక్క ఏం చెప్పినా అది నేను చెప్పించిందే. తప్పు నాది" అన్నాడట. పెరోల్ పోయింది అందుకే.

"ఒరే, నీకన్నీ తెలుసని దానికి చెప్పొచ్చు కదరా" అన్నాను.

"ఏమని చెప్పను లూటే అక్కా? మా అక్కని పట్టుకుని, నువ్వు అబద్ధమాడావని నా నోటితో అనాలా? మన టోంగాలో అక్కని తప్పుపట్టే తమ్ముడున్నాడా? అక్క ఉన్న గదిలో నేను కాళ్ళు చాపుకుని కూడా కూర్చోలేదు."

మా వెనక గది సంగతి వాడికి చెప్పాను.

శిక్ష పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదట, మళ్ళీ అడగడానికి వీలుందట. ఈసారి మా అడ్రసు ఇచ్చాడు. ఆఫీసరు వచ్చి వెనక గది చూసుకుని వెళ్ళాడు. కుట్టుమిషను వరండాలోకి మార్చాను.

డబ్బా సంగతి నేను చెప్పాక ఇంకొకటి చెప్పమన్నాడు. అక్క ప్రతి ఆదివారం లోగన్‌లో ఎండో వానో చూసుకుని మరీ చెబుతోంది, ఇక ఆ కష్టం వద్దు, ఆ డబ్బా మాత్రం తియ్యొద్దను, అన్నాడు.

నీ
లూటే

*

పాంగాయ్, ఆగస్టు

ప్రియమైన లూటే,

ఆదివారం ఫోన్ మోగింది.

"అక్కా, ఎండగా ఉందా?"

"పాంగాయ్‌లో పొద్దుటినుంచీ వాన" అన్నాను.

"మంచిదక్కా, నీళ్ళ తొట్టి నిండుతుంది" అన్నాడు.

క్షమించమని అడగబోయాను. అడిగితే అక్క చేత ఆ మాట అనిపించుకున్నానని వాడు తల దించుకుంటాడు. ఆ బరువు కూడా వాడి మీదే పెట్టనా? ఊరుకున్నాను. వాడు లోపల గడిపే ఈ రోజులు ఎవరివల్లో వాడికి తెలుసు, నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ముగ్గురం వాన గురించి మాట్లాడుకుంటున్నాం.

నీ ప్రార్థనలో వాడి పేరు ముందు చెప్పు, నాది తర్వాత.

సెలువైయా