ముందటి కథ

పద్మోళ్ల నాయినా,

నిన్ననే నీకు ఏడాది తద్దినం పెట్టినం. సుట్టాలంత పోయిన్రు. ఇల్లు తినొస్తుంటే ఇయ్యాల మధ్యాహ్నం మన హట్టి ఊర్ల బస్సెక్కి లింగసుగూరుకు సినిమాకు పోయిన. తిట్టకు. మనం టీవీల చూస్తుంటిమి సూడు, రక్తం తాగెటోళ్లు, తోడేలు మనుషుల సినిమా, దానికి ఇప్పుడు ముందటి కథ తీసిన్రు. వాళ్లకూ వీళ్లకూ పగ ఎట్ల పుట్టిందో అంతా ఇందుల్నే ఉంది.

నువ్వు గనిల షిఫ్టు దిగి ఎప్పుడూ సగం సినిమాకే వస్తుంటివి. కాళ్లు కడగకముందే "ముందేమైందే?" అంటుంటివి. నేను జొన్నరొట్టె కొట్టుకుంట చెప్తుంటి. రక్తం తాగెటోళ్లు చస్తే నీ మొఖం చిన్నబోయేది. "పాపం, వాళ్లు గూడ మా లెక్కనే ఎండ సూడరే" అంటుంటివి.

ఈసారి మొదటినుంచి ఒక్క ముక్క ఇడవకుండ చూసిన. ఇంటర్వెల్ అయినంక ఒకాయన ఉరుక్కుంట వచ్చి పక్క కుర్చీల కూసున్నడు. ఒంటిమీద గని బట్టలే ఉన్నయి.

"ముందేమైందక్కా?" అని అడిగిండు.

"నేను గూడ ఇప్పుడే వచ్చిన తమ్మీ" అన్న.

నీకు చెప్పకముందే ఆయనకెట్ల చెప్త?