ఈ రోజు పసుపు ధర

బోధన్ దగ్గర, క్యాంపు
ఫిబ్రవరి 20

ప్రియమైన విజయకు,

ఫోను చేస్తే "తర్వాత చేస్తా నాయనమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. దీనికి జవాబు రాయాలంటే నువ్వు కాసేపయినా ఒకచోట కూర్చోవాలి.

మీ కంపెనీ పంపే ధరల మెసేజి రోజూ ఉదయం వస్తోంది. పాల కేంద్రం దగ్గర నేనే పైకి చదువుతున్నాను. వడ్లు, సోయా, పసుపు, చివర పాడి గేదెలు. ఎవరి ఫోనులో వాళ్ళకు వస్తుంది కదా అంటే, "నువ్వు సదివితెనే మాకు ఖాయమైతది పెద్దమ్మా" అంటారు. నిజామాబాదులో కూర్చుని ఆ ధరలు ఎక్కించేది నా మనవరాలేనని ఈ క్యాంపు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంగతి నేనే చెప్పాను. ఒకసారి కాదు.

ఇక విషయం. మన రెండెకరాలు కౌలుకు చేస్తున్న దేవన్న పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించాడు. సగం సరుకు మీ కంపెనీ తరఫున కొనే దేవిదాసుకు కల్లంలోనే ఇచ్చేశాడు. ఆ రోజు మెసేజిలో క్వింటాలు 11,300. దేవిదాస్ దాని మీద వంద వేసి ఇచ్చాడని దేవన్న మురిసిపోయాడు. అదే రోజు, పేకాట పిచ్చి ఉన్న మన భూమన్న తన బస్తాలు నిజామాబాద్ యార్డుకు తీసుకెళ్ళి 12,900కు అమ్మి వచ్చాడు. ఎవరూ నమ్మలేదు. "వాడు పత్తాలాటల గెల్సినయి గూడ పసుపు పైసలంటడు" అని నవ్వారు. నేను నవ్వలేదు. యార్డు చీటీ అడిగి తీసుకుని చదివాను. 12,900 అనే ఉంది.

సరుకు ఆరుదలలో తేడా ఉన్నా పదహారు వందలు తేడా రాదు.

దేవన్న దగ్గర ఇంకా సగం సరుకు ఉంది. అదైనా సరైన ధరకు పోతే కూలీలకూ పాలిష్ మిషను వాడికీ ఇచ్చుకుని ఒడ్డున పడతాడు. లేకపోతే పాలిచ్చే గేదెల్లో ఒకటి అమ్మాలి. దేవన్న భార్య భూమవ్వ అతనితో అప్పుడే అనేసింది: "బర్రెను అమ్ముతా అంటె నన్ను గూడ దాని ఎనుక సంతకు కొట్టుకపో."

కారణం ఏమిటో రాయి. తేదీ వేసి రాయి.

నీ నాయనమ్మ


నిజామాబాద్
ఫిబ్రవరి 27

ప్రియమైన నాయనమ్మకు,

తేదీ వేశాను, చూసుకో.

హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటోంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి పుష్పలత అనే అమ్మాయి నాకంటే ముందే సగం ఖాళీ చేసింది. అడిగితే "మీ నాయనమ్మ నాకు గూడ నాయనమ్మనే గదనే" అంటుంది. దానితో వాదించి గెలవలేం.

ధరల సంగతి. ఒక్కో సరుకుకు ఒక్కో ధర వస్తుంది. తేమను బట్టి, రంగును బట్టి, పాలిష్‌ను బట్టి మారుతుంది. ఆ రోజు వచ్చిన బస్తాలు ఎక్కువా తక్కువా అని కూడా చూస్తారు. భూమన్న తాత అదృష్టం బాగుండి మంచి వ్యాపారి తగిలి ఉంటాడు. నేను ఒక్క తప్పు అంకె కూడా ఎక్కించలేదు నాయనమ్మా. యార్డు బోర్డు మీద ఏముంటే అదే.

ఏప్రిల్ ఒకటిన నా ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. దీని కోసం నాన్న ఎంతమంది గుమ్మాలు ఎక్కాడో నీకు తెలుసు.

ఇంకో మాట. పాల కేంద్రం దగ్గర చదవడం మానెయ్యకూడదూ? పొద్దున్నే ఆ మంచులో నీకెందుకు?

నీ విజయ


క్యాంపు
మార్చి 8

ప్రియమైన విజయకు,

ఒకే ప్రశ్నకు అయిదు కారణాలు రాశావు. వాటిలో ఒక్కటి నిజమైనా మిగతా నాలుగు అక్కర్లేదు. అందుకని నేనే బయలుదేరాను.

నిన్న ఉదయం మెసేజి చూసుకుని బస్సెక్కాను. పసుపు 11,250. యార్డులో దిగేసరికి ఎండ ముదిరింది. షెడ్ల కింద ఎక్కడ చూసినా పసుపు కుప్పలే, గాలి కూడా పచ్చగానే ఉంది. ఒక కుప్ప పక్కన మోర్తాడ్ రైతు తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు.

"పసుపు ధర ఎంత నాయనా?" అన్నాను.

"ఏ పసుపు పెద్దమ్మా? కొమ్మా, మండా?"

"పసుపు ధర అంటే కొమ్ము ధరే కదా?"

"గది మనుషులు మాట్లాడుకునేటప్పుడు. ఈడ రెండున్నయి. గదో బోర్డు, సదువుకో." నన్ను ఎగాదిగా చూసి అడిగాడు. "ఏ ఊరు?"

బోధన్ వైపు అన్నాను. నవ్వాడు. "అట్ల జెప్పు. మీది మొన్నమొన్నటి పసుపు. మీరు చెరుకోళ్ళు."

నిజమే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరకు పోయాక మనవాళ్ళు పట్టిన పంట ఇది. మోర్తాడ్, భీమ్‌గల్ వైపు తాతల నాటి నుంచి పండిస్తున్నారు, ఏ ధర దేనిదో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. మనవాళ్ళకు మీ మెసేజే దిక్కు.

బోర్డు మీద కొమ్ము 12,850. దాని కింద మండ 11,250. పసుపు దుంపలో వేళ్ళలా పొడుగ్గా ఉండేది కొమ్ము, గుండ్రంగా ఉండే తల్లి దుంప మండ. మండ ఎప్పుడూ తక్కువకే పోతుంది. ఇది నీకు నేను చెప్పాలా? నువ్వు ఎక్కించే "పసుపు" మండ. క్యాంపులో విన్నవాళ్ళంతా కొమ్ము ధర అనుకుని, కొమ్ములన్నీ దేవిదాసుకు పోశారు. మండకు అతను అంతకంటే తక్కువ కట్టాడు. ఆ అంకెను రోజూ గొంతెత్తి చదివింది నేను.

మీ ఆఫీసు అక్కడికి రెండు వీధుల దూరం. నీ తోటివాళ్ళ ముందు అడగలేక తిరిగి వచ్చేశాను.

నేటి నుంచి పాల కేంద్రం దగ్గర చదవడం లేదు. దేవన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. "అప్పుడే అమ్మకు, ఆగు" అని మాత్రం అన్నాను. మెసేజిలో రెండు ధరలూ వెయ్యి. ఎప్పుడు వేస్తావో రాయి.

నీ నాయనమ్మ


నిజామాబాద్
మార్చి 14

నాయనమ్మా,

అవును. మండ ధరే.

చేరిన కొత్తలో నేను రెండూ ఎక్కించాను. మేనేజరు పిలిచి, "పంటకు ఒక్క లైను చాలమ్మా, రెండు వేస్తే రైతులు తికమక పడతారు" అన్నాడు. ఏ లైను ఉంచాలో ఆయనే వేలు పెట్టి చూపించాడు. దేవిదాస్ లాంటివాళ్ళు ఆ లైను మీద వంద పెంచి కొంటారు. మా జీతాలు వచ్చేది ఆ తేడాలోంచే. ఇది అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేకపోయింది.

తప్పు అంకె రాయకూడదని నువ్వే నేర్పావు. నేను రాయలేదు. రోజూ కంప్యూటరు ముందు కూర్చుని నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నంతసేపు బాగానే ఉంటుంది.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఏప్రిల్ ఒకటి దాకా ఆగు. ఉద్యోగం ఖాయమయ్యాక నేనే గట్టిగా అడుగుతాను. ఇప్పుడు దేవన్న బాబాయికి చెబితే ఆయన ఊరుకోడు, క్యాంపు మొత్తం ఆఫీసు ముందుకొస్తుంది. ఎవరి ద్వారా బయటపడిందో వాళ్ళకు తెలియడానికి ఒక్క పూట చాలు. మళ్ళీ నాన్న ఎవరి గుమ్మం ఎక్కాలి?

కొన్ని రోజులే కదా నాయనమ్మా.

విజయ


నిజామాబాద్
మార్చి 28

ప్రియమైన నాయనమ్మకు,

నువ్వు జవాబు రాయలేదు. మొదటి వారం పోస్టు ఆలస్యమనుకున్నాను. తర్వాత అర్థమైంది. నువ్వు తిట్టి ఉంటే ఏప్రిల్ దాకా లాగేసేదాన్నేమో. ఏమీ రాయకపోయేసరికి కుదరలేదు.

ఈ ఉదయం మెసేజిలో రెండు లైన్లు వేశాను. పసుపు కొమ్ము 12,900. పసుపు మండ 11,300. అన్ని ఊళ్ళకూ వెళ్ళిపోయాక మేనేజరుకు నేనే చెప్పాను. ఆయన అరవలేదు. "బ్యాగు తీసుకో అమ్మా" అన్నాడు, అంతే. పుష్పలత హాస్టల్లో నన్ను చూసి "కొలువు వోయిన మొకమే గాదు నీది, పెండ్లికి వొయ్యొచ్చినట్టున్నవ్" అంది. మెట్ల మీద కూర్చుని ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. తర్వాత నేనొక్కదాన్నే ఏడ్చాను.

నాన్నకు ఇంకా తెలియదు. నువ్వే చెప్పు.

ఇది నువ్వు నేర్పిన పనే. దేవన్న బాబాయి సరుకు ఇంకా ఉంది కదా? నువ్వు ఆగమన్నావు కాబట్టి ఆగే ఉంటాడు. నేరుగా యార్డుకు తెమ్మను. ఆ రోజు నేను కూడా కుప్ప పక్కన నిలబడతాను. భూమవ్వ పిన్నిని ఇక గేదె గురించి బెంగ పెట్టుకోవద్దను.

పోస్టు ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం మన వైపు బస్సులో పంపుతున్నాను. ఆదివారం వస్తున్నాను.

నీ విజయ


క్యాంపు
మార్చి 31

ప్రియమైన విజయకు,

నువ్వు వస్తానన్న ఆదివారం నిన్న గడిచిపోయింది. బస్టాండుకు మనిషిని పంపించి నిన్ను వెనక్కి తిప్పించింది నేనే. కోపంతో కాదు. నీ ఎదుట చెప్పలేనిది ముందు కాగితం మీద చెప్పాలని.

నేను జవాబు రాయనిది నిన్ను తప్పుపట్టి అనుకున్నావు. రాయలేదు, ఎందుకంటే నువ్వు అడిగినదానికి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానని కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

27వ తేదీ సాయంత్రం దేవన్న వచ్చాడు. కూలీలు ఇంటి ముందు కూర్చున్నారట. దేవిదాస్ టెంపో కల్లంలో ఆగి ఉందట.

"పెద్దమ్మా, ఆగమంటివి, ఆగిన. ఇంగ నాతోని అయితలేదు. నువ్వు నిజామాబాద్ వొయ్యొచ్చినవట గదా. ధర ఎట్లున్నది? ఒక్క మాట జెప్పు."

నా కళ్ళ ముందు ఆ బోర్డూ ఉంది, నీ ఉత్తరమూ ఉంది. "మెసేజిలో ఉన్నదే" అన్నాను. అది కూడా తప్పు అంకె కాదు.

"గంతేనా. ఇంగ ఆగి ఏం ఫాయిద" అని వెళ్ళిపోయాడు. చీకటి పడకముందే టెంపో మా వాకిలి ముందు నుంచే పోయింది.

మర్నాడు పొద్దున్న పాల కేంద్రం దగ్గర భూమన్న కేకేశాడు. "ఇగో, రెండు ధరలేసిండ్రు! కొమ్ము పన్నెండు వేల తొమ్మిది వందలట!" దేవన్న తల పట్టుకుని, నవ్వాడు. "నిన్న అమ్మితి, ఇయ్యాల పెరిగె. నా నసీబే అంత."

రాత్రికి రాత్రి ధర పెరిగిందనుకున్నాడు విజయా. నేను నోరు మెదపకపోతే జీవితాంతం అలాగే అనుకునేవాడు. నీ మీద, నా మీద ఈగ వాలేది కాదు. ఆ పాలక్యాను పట్టుకుని నేను కాసేపు అది కూడా ఆలోచించాను.

తర్వాత అందరి ముందూ చెప్పాను. "పెరగలేదు దేవన్నా. నేను వెళ్ళి చూసిన రోజు కూడా ఇంతే ఉంది. నీకు చెప్పలేదు."

"ఎందుకు?"

"పిల్ల ఉద్యోగం పోతుందని."

అడిగింది దేవన్న. అన్నది భూమవ్వ. "మీ పిల్ల కొలువు ఒక దిక్కు పెట్టినవ్, మా బర్రెను ఒక దిక్కు పెట్టినవ్. మంచిగనే తూచినవ్ పెద్దమ్మా."

తేడా మొత్తం నేనిస్తానన్నాను. దేవన్న తల అడ్డంగా ఊపాడు. "దేవిదాస్ తిన్నది నువ్వెందుకు గడ్తవ్? నాకు జెప్పకుండ దాసినవ్ సూడు, దానికి గట్టు, ఎంత గడ్తవో." అప్పుడు కూడా గొంతు పెంచలేదు. వెళ్తూ, "వచ్చే ఏడు చేను ఇంకెవర్కన్న ఇయ్యి" అన్నాడు.

గేదెను సంతకు తోలుకుపోయింది భూమవ్వే. మొగుణ్ణి రానివ్వలేదు. మెసేజిలో పాడి గేదె ధర చూసి వెళ్ళమని ఎవరో అంటే, "మాకేం మెసేజిలొద్దు" అందట.

మీ నాన్నకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడడు, తర్వాత మాట్లాడతాడు. నువ్వు చేసింది నేను నేర్పిన పని అని రాశావు. ఇక మీదట ఎవరితోనూ అలా అనకు. అది నువ్వు చేసిన పని. నేను చేసింది ఏమిటో పైన రాశాను.

ఇప్పుడు రా. బస్సు దిగి మన ఇంటికి కాదు, ముందు దేవన్న ఇంటికి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు. రెండు ధరలు వేసింది నువ్వేనని, దానికి ఉద్యోగం పోయిందని వాళ్ళకు తెలుసు. నిన్ను రానిస్తారు. భూమవ్వ కూర్చోమంటే కూర్చో, తినమంటే తిను. నా మాట మాత్రం ఎత్తకు.

ఇట్లు,
నాగేంద్రమ్మ