దేవుని గదిలో ఎలుక ప్రొటీన్

ఆదివారం, జహీరాబాద్.

మా చిన్న చెల్లెలు సుజాత రక్తంలో సి3 అనే రక్షణ ప్రొటీన్ తగ్గిందని డాక్టర్ మాత్రలు రాశాడు. తమ్ముడు రమేశ్ కంటికి ఆ మాత్రలు ఆనలేదు. ల్యాబులకు సరుకు చేరవేసే స్నేహితుణ్ణి పట్టుకుని, ఇవాళ ఐసు డబ్బాలో ఒక చిన్న సీసా తెచ్చాడు.

"తక్కువున్నదంటే నింపాలె అక్కా, గంతే. కోహీర్‌ల ఒకాయన సూది ఏస్తడు."

సీసా మీద ఉన్నది చదివాను. ఎలుక సి3 అట. ల్యాబులో తయారు చేసినదట. పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదని స్పష్టంగా ఉంది.

"గిది ఎలుకది గదరా!"

"పూజలు దప్ప నీకేం ఎర్క? ప్రొటీన్ ఏదైతేంది?"

"అయితే ముందుగాల నువ్వే ఏసుకో."

నవ్వేసి మటన్ ముందు కూర్చున్నాడు. చెల్లెలి ప్రాణం కన్నా వాడికి తన తెలివంటేనే ముద్దు. అంత తెలివి దేవుడు పగవాడికి కూడా ఇవ్వకూడదు.

వాడు తింటుండగానే డబ్బా తీసుకెళ్లి దేవుని గదిలో పెట్టాను. మాంసం తిన్న ఒంటితో వాడు ఆ గడప దాటడు. సీసా మీది హెచ్చరికంటే లేని భయం వాడికి గడపంటే ఉంది.

వాడి సంగతి సరే. పడుకోబోతూ సుజాత అడిగింది.

"అక్కా, ఒక్కసారి ఏసుకొని జూస్తే?"

ఆ మాటకు నా జపం ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టలేకపోయాను.

పొద్దున వాడు స్నానం చేసేలోపే సుజాతనూ, ఆ డబ్బానూ డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. తొందరేం లేదు. అంత మేధావి ఎండెక్కితే గానీ లేవడు.