అమ్మ పెట్టెలో కత్తిరింపుల పుస్తకం

విట్బీ, 1887 మార్చి 3

చెల్లెలు డోర్కస్‌కు,

లీడ్స్ పొగలో నువ్వూ మీ ఆయనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ పోయి మూడు నెలలైంది కదా, నిన్న ధైర్యం చేసి పెట్టె తెరిచాను. శాలువాల అడుగున ఒక కత్తిరింపుల పుస్తకం దొరికింది. నిండా రంగు కాగితాల దేవదూతలు, గులాబీలు, ఎండిన వయొలెట్లు, గోధుమరంగు జుట్టు పాయ, లిస్బన్‌లో ఒక హోటలు బిల్లు. రేవులో పడవ ఎక్కాలంటేనే కళ్ళు మూసుకునే అమ్మకు లిస్బన్ ఎక్కడిది? ఏ నాట్యం ఎవరితోనో రాసుకునే చీటీ కూడా ఉంది. వాల్ట్జ్ అనే జంట నాట్యం పక్కన పత్రికల్లోంచి అక్షరాలు కత్తిరించి అతికించారు: "ఇక్కడ లేని మనిషితో."

నీ అక్క,
లవీనియా

తా.క. నాన్నకు చెప్పలేదు. నలభై ఏళ్ళు ఓడ నడిపిన మనిషి, కిటికీలోంచి సముద్రాన్ని తిడుతూ కూర్చున్నారు.

లీడ్స్, మార్చి 6

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదువుతూ టీ చల్లార్చేశాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాన్న ఓడ మీద ఉండగా, అమ్మ మనల్ని స్కార్‌బరో అత్త దగ్గర రెండు వారాలు వదిలి వెళ్ళింది గుర్తుందా? పన్ను నొప్పి అంది. పన్నుకు రెండు వారాలా? ఇక ప్రతి ఆదివారం అమ్మకు వయొలెట్లు తెచ్చి ఇచ్చిందెవరు? చర్చిలో ఆర్గన్ వాయించే పికర్స్‌గిల్ గారు. కోపం రావడం లేదక్కా. అమ్మ తెల్ల గౌనులో, ఎవరికీ తెలియని ఊళ్ళో, మెల్లగా తిరుగుతూ నాట్యం చేస్తున్నట్టు పగలే కలలొస్తున్నాయి.

నీ డోర్కస్

తా.క. అద్దంలో చూసుకున్నాను. నా ముక్కు మన ఇంట్లో ఎవరిదీ కాదు.

విట్బీ, మార్చి 10

డోర్కస్‌కు,

పికర్స్‌గిల్ గారు నిన్న కేకు తెచ్చారు. "అమ్మ లేని ఇల్లు ఎలా ఉందమ్మా?" అన్నారు. "మీకు తెలియదా?" అన్నాను. తెల్లబోయి, కేకు చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయారు. తప్పు లేకపోతే కేకు వెనక్కి ఎందుకు తీసుకువెళతారు? ఆ కాగితం గులాబీల ముందు కూర్చుంటే నాకూ నీలాగే అవుతోంది. అమ్మ మనకు పరిచయం లేని పడుచుపిల్లలా కనబడుతోంది.

లవీనియా

తా.క. కేకు ఏదని నాన్న రెండుసార్లు అడిగారు.

లీడ్స్, మార్చి 13

అక్కా,

పుస్తకాన్ని పొయ్యిలో వెయ్యి. నాన్న చూస్తే గుండె ఆగిపోతుంది.

డోర్కస్

తా.క. ముందు ఆ జుట్టు పాయ నాకు పంపు. పోల్చుకోవాలి.

విట్బీ, మార్చి 16

డోర్కస్‌కు,

పొయ్యి తలుపు తీశానో లేదో, నాన్న గుమ్మంలో నిలబడ్డారు.

"అది నాదమ్మా," అన్నారు.

"అమ్మ పెట్టెలో ఉంది నాన్నా."

"దాచమని నేనే ఇచ్చాను. కెప్టెన్ కూర్చుని గులాబీలు కత్తిరిస్తాడని తెలిస్తే ఓడలో నా మాట ఎవడు వింటాడు?"

ప్రతి రేవులో దొరికిన పువ్వూ, బిల్లూ అతికించేవారట. అమ్మ ఓడ ఎక్కదు కనుక, ఇంటికొచ్చాక సాయంత్రానికో పేజీ చొప్పున ఆ ఊళ్ళన్నీ తిప్పి చూపించేవారట. వయొలెట్లు జెనోవావి. జుట్టు పాయ అమ్మదే, పెళ్లినాటిది. స్కార్‌బరో అప్పుడు నిజంగా పన్ను నొప్పేనట, మూడు పీకించుకుందట. లిస్బన్ హోటల్లో అందరూ జంటలుగా నాట్యం చేస్తుంటే, ఈయన గోడవార కూర్చుని, చీటీ జేబులో వేసుకొచ్చి ఆ అక్షరాలు అతికించారట.

"అప్పుడు మీ అమ్మ ఇంట్లో, నేను సముద్రం మీద. ఇప్పుడు ఇంట్లో ఉన్నది నేను," అన్నారు.

రేపు పికర్స్‌గిల్ గారి గుమ్మం తొక్కి క్షమాపణ చెప్పుకోవాలి.

నీ అక్క,
లవీనియా

తా.క. పుస్తకంలో పద్నాలుగు పేజీలు ఖాళీ. నాన్న కత్తెర పట్టారు, నాకు జిగురు పని అప్పగించారు. దేవదూత రెక్క కాస్త వంకరగా అతికించానని, మన చర్చి ఎన్నడూ వినని మాట ఒకటి అన్నారు.