గోడ అవతల పడ్డ బంతి

ప్రియమైన ఇంజినీరు గారికి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్ తీస్తే చిన్నోడు లాక్కుని మీకు కుక్కలా మొరిగి వినిపిస్తాడు. పెద్దదేమో పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. దాని గురించి దాని ముందే ఎలా మాట్లాడను?

మొన్న బడికి పిలిచారు. ఏడాది కావస్తున్నా టీచరు దాని గొంతు వినలేదట. మంచినీళ్ళు కావాలన్నా వేలు చూపిస్తుందే తప్ప నోరు విప్పదట. ఇంట్లో మాత్రం వసపిట్ట! తమ్ముణ్ణి అది తిట్టే తిట్లు వింటే మీ అమ్మగారు కూడా ముక్కున వేలేసుకుంటారు. "ఆరేళ్ళ పిల్ల. కొత్త ఊళ్ళో కూడా ఇలాగే మొదలైతే ఇదే అలవాటైపోతుందండీ" అన్నారు టీచరు. అప్పట్నుంచీ నాకు అదే దిగులు.

మీరేమో అక్కడ మనకోసం చూసిన రెండు ఇళ్ళలో గుట్టవైపుదానికి గాలి బాగుంటుందని, పార్కువైపుదానికి బడి దగ్గరని రాశారు. రెండూ కలవారి పేటలే, రెండు చోట్లా ఇళ్ళు అద్దాల్లా ఉంటాయని నాకూ తెలుసు. నాకు కావలసినవి వేరు. సాయంత్రం వీధిలో పిల్లలు కనిపిస్తారా? పక్కింటివాళ్ళు పలకరిస్తారా? బంతి గోడ అవతల పడితే ఏమవుతుంది? అవి చూసి రాయండి.

మీ
డాక్టరమ్మ

* * *

ప్రియమైన డాక్టరమ్మకు,

కళ్ళ డాక్టరువి నువ్వైతే చూసే పని నాకు పడింది! నీ ఆజ్ఞ శిరసావహించి ఒక పసుపు బంతి కొన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి బంతి పట్టుకుని వీధులు తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకో.

ముందు పార్కువైపు వెళ్ళాను. వీధంతా చల్లగా నీడ. మనం చూస్తున్న ఇంటి పక్కింట్లోకి బంతి విసిరాను. నేను చెయ్యి దించేలోపు తిరిగొచ్చి కాళ్ళ దగ్గర పడింది. ఆశ్చర్యపోయి ఇంకోసారి విసిరాను. ఇంకోసారి వచ్చింది. విసిరేదెవరో తెలియదు గానీ గురి మాత్రం అమోఘం.

గుట్టవైపు కథ వేరు. రోడ్డు ఎత్తు, గోడలు అంతకన్నా ఎత్తు. అక్కడా పక్కింట్లోకే విసిరాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిలబడి నిలబడి కాళ్ళు పీకాయి. చివరికి వీధి వాచ్‌మన్ వచ్చాడు. "ఏం సార్, ఏదో విసురుతున్నారు? కెమెరాలో చూశాం" అన్నాడు.

"బంతి" అన్నాను.

"మీరా? బంతా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. వంతెనలు కట్టే ఇంజినీరునని కార్డు చూపించాక గానీ వదల్లేదు. బంతి పోయింది, దాంతోపాటు పరువూ పోయింది.

కాబట్టి పార్కువైపే అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ
ఇంజినీరు

* * *

ప్రియమైన బంతి ఇంజినీరు గారికి,

ఆసుపత్రిలో మీ ఉత్తరం చదివి పకపకా నవ్వితే, కళ్ళల్లో చుక్కలు వేయించుకుని కూర్చున్న ఆయన "ఏమైందమ్మా?" అని కంగారుపడ్డాడు. మీ చెల్లెలికి చెబితే తను ఇంకా నవ్వింది.

పార్కువైపు బంతి విసిరిన మనిషి మొహం మీరు చూశారా? ఆ మనిషి గోడ మీదుగా మిమ్మల్ని చూశారా? గుట్టవైపు గంట కొట్టి అడిగారా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, బంతి మాత్రం దానంతట అదే రావాలా?

మీ చెల్లెలు పని మీద అటు వస్తోంది. పెద్దదాన్ని దాని ఎర్ర బంతితో సహా తన వెంట పంపుతున్నాను. రెండు ఇళ్ళూ చూపించి, మళ్ళీ తనతోనే పంపండి. చిన్నోడికి జలుబు చేసింది, నేను కదల్లేను.

మీ
డాక్టరమ్మ

* * *

ప్రియమైన డాక్టరమ్మకు,

లేదు, గంట కొట్టలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ గడపలో నిలబడి బంతి ఇవ్వండని అడగడానికి నాకు నోరు రాలేదు. పెద్దదానికి ఈ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక వెతకనక్కరలేదు.

పార్కువైపు ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్ళు ఆపి దాని పేరు అడిగారు. నా వెనక దాక్కుంది. కాసేపు చూసి వాళ్ళు వెళ్ళిపోయారు. గుట్టవైపు నేనూ బ్రోకరూ మేడ మీద నీళ్ళ ట్యాంకూ గోడల చెమ్మా చూసి దిగేసరికి, ఇది పెరటి మెట్టు మీద బంతి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. గదికి వచ్చాక కబుర్లే కబుర్లు. ఇళ్ళ ఊసెత్తితే మాత్రం "అమ్మకి చెప్తా" అంటుంది.

ఎంత ఆలోచించినా పార్కువైపే నయమనిపిస్తోంది. అక్కడ పిల్లలైనా ఆగి పలకరించారు. వచ్చే సోమవారం అగ్రిమెంటు మీద సంతకం పెడుతున్నాను.

నీ
ఇంజినీరు

* * *

ప్రియమైన శ్రీవారికి,

"సంతకం ఆపండి, ఉత్తరం వస్తుంది" అని ఫోన్ పెట్టేసినందుకు కోపం తెచ్చుకోకండి. పెద్దది పక్కనే ఉంది.

దాని సంచి సర్దుతుంటే బంతి దొరికింది. ఇక్కణ్ణుంచి వెళ్ళింది ఎర్ర బంతి. వచ్చింది నీలం బంతి. తమరికి కళ్ళజోడు మార్చాలి!

ఏమిటే ఇదని అడిగితే ముందు నవ్వింది. మీరు మేడ మీద ఉండగా బంతి పక్కింట్లో పడిందట. "పడిందా, వేశావా?" అన్నాను. "వేశా" అంది. మీ కథ మీ చెల్లెలు రైల్లో చెప్పిందట. తిరిగొస్తుందో రాదో చూద్దామనుకుందట. రాలేదు. మీ కూతురు మీలా కాళ్ళు పీకేదాకా నిలబడలేదు, చుట్టూ తిరిగి వెళ్ళి పక్కింటి గంట కొట్టింది. పిల్ల గేటు దాటినా చూసుకోనందుకు మిమ్మల్ని వచ్చాక తిడతాను.

ఒక పెద్దావిడ తలుపు తీసిందట. ఏం కావాలంటే ఇది ఎప్పట్లాగే లోపలికి వేలు చూపించింది. "నాకు చూపు ఆనదమ్మా, చూపిస్తే తెలియదు. నోటితో చెప్పాలి" అందట ఆవిడ. ఇది చాలాసేపు అలాగే నిలబడిందట. ఆవిడ తలుపూ వెయ్యలేదు, తొందరా పెట్టలేదు. చివరికి మన పెద్దది "బంతి" అందట. విన్నారా? బయటి మనిషితో!

లోపల బుట్టెడు బంతులట. "ఇన్ని పడ్డాయి గానీ ఒక్కరూ వచ్చి అడగలేదు. కొత్తవి కొనుక్కుంటారు కాబోలు. నీదే రంగు?" అందట ఆవిడ. "ఎరుపు" అని చెప్పిందట ఇది. పసుపుది కూడా ఒకటి ఉందట, ఎవరిదో నేను చెప్పాలా?

వింటూ వింటూ ఏడ్చేశాను. ఆవిడవి శుక్లాలే అయితే నేనే ఆపరేషన్ చేస్తాను. అయితే చూపొచ్చాక వేలు చూపిస్తే సరిపోతుంది కదా, ఓ నాలుగు నెలలు ఆగితేనేం అని ఒక పాడుబుద్ధి కూడా పుట్టింది. తప్పే, ఆగనులెండి.

ఆవిడ బుట్టలో తడిమి తీసిచ్చింది నీలం బంతి. పిల్ల నోరు మళ్ళీ మూతపడిందేమోనని నాకు భయం వేసింది. "ఇది కాదు, ఎర్రదని చెప్పలేకపోయావా?" అన్నాను.

నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "చెప్తే అప్పుడే ఇచ్చేస్తుంది కదమ్మా. మళ్ళీ వెళ్ళడానికి ఏముంటుంది?" అంది.

గుట్టవైపు ఇంటికి సంతకం పెట్టండి. పెట్టి, పక్కింటి గంట కొట్టి మీ పసుపు బంతి మీరు అడిగి తెచ్చుకోండి. ఎర్రదాని జోలికి మాత్రం వెళ్ళకండి.

మీ
డాక్టరమ్మ